డిస్ట్రాయర్ దేన్ని ధ్వంసం చేసేది?

విశాఖలో కొత్త యుద్ధనౌక నేవీలో చేరిందంటే గంజాం జిల్లా తెలుగువాళ్ళకి అది ఇంటి వార్తే. బరంపురంలో రైలెక్కితే నాలుగైదు గంటల్లో విశాఖ. మన వీధుల్లోంచి నేవీకి వెళ్ళిన పిల్లలున్నారు, వెళ్ళాలని తెల్లారకముందే లేచి పరుగు తీస్తున్న పిల్లలున్నారు. వాళ్ళు బడిలో ఒడియా చదివి, పరీక్ష హిందీలోనో ఇంగ్లీషులోనో రాసినా, ఇంట్లో అమ్మా నాన్నా చదివేది తెలుగు వార్తే. ఆ వార్తల్లో ఒక మాట గట్టిగా పాతుకుపోయింది: విధ్వంసక నౌక. డిస్ట్రాయర్‌కి ఇది అనువాదం. హిందీలో విధ్వంసక్ అన్నారు, మనమూ అదే అనేశాం.

ఆ మాటని వదిలేసి, డిస్ట్రాయర్‌ని డిస్ట్రాయర్ అనే రాయాలని నా వాదన. భాషమీద అభిమానం ఉండబట్టే ఈ మాట అంటున్నాను. ఆ ఓడ ఎందుకు పుట్టిందో, ఏం పని చేస్తుందో విధ్వంసక నౌక అన్న పేరు చెప్పకపోగా, దాదాపు తలకిందులు చేసి చెబుతోంది.

డిస్ట్రాయర్ అన్నది ముక్క పేరు. నిండు పేరు టార్పిడో బోట్ డిస్ట్రాయర్. అంటే టార్పిడో పడవల్ని పట్టి ధ్వంసం చేసే ఓడ. నీళ్ళకింద దూసుకెళ్ళి ఓడని పేల్చే ఆయుధం టార్పిడో, దాన్ని మోసుకెళ్ళి వదిలే చిన్న పడవ టార్పిడో పడవ. ధ్వంసం చెయ్యడం అనే క్రియకి కర్మ టార్పిడో పడవ. వాడకంలో ఆ కర్మ రాలిపోయింది, క్రియ మిగిలింది. మనం ఆ మిగిలిన ముక్కని పట్టుకుని సంస్కృతంలోకి మార్చుకున్నాం. ‘ఎలుకల మందు’లో ఎలుకలు పోతే మిగిలిన మాటకి అర్థం ఎంత మారిపోతుందో ఇక్కడా అంతే మారింది.

ఆ పోయిన ముక్క సంగతి చూద్దాం. టార్పిడో అనేది అసలు ఒక చేప పేరు. ముట్టుకుంటే ఒంట్లోంచి కరెంటు వదిలి చెయ్యి తిమ్మిరెక్కించే టేకు జాతి చేప. లాటిన్‌లో టార్పెరె అంటే మొద్దుబారడం, తిమ్మిరెక్కడం. 19వ శతాబ్దం మొదట్లో నీళ్ళలో వదిలే పేలుడు సామగ్రి అన్నింటినీ టార్పిడో అనేవారు. ఇప్పుడు మైన్ అంటున్నవాటికి కూడా అప్పుడు అదే పేరు. తనంతట తానే నీళ్ళలో ఈదుకుంటూ వెళ్ళే టార్పిడోని రాబర్ట్ వైట్‌హెడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1866లో తయారుచేశాడు. అప్పట్లో ఆస్ట్రియా కింద ఉన్న ఫియూమ్ రేవులో, ఇప్పటి క్రొయేషియాలోని రియెకాలో, జొవాన్ని లూపిస్ అనే నౌకాధికారి ఆలోచనని పట్టుకుని మొదలుపెట్టిన పని అది. గట్టిగా కుదించిన గాలి ఇంజన్ని తిప్పుతుంది, ఇంజన్ పంఖాని తిప్పుతుంది. మొదట్లో వేగం ఆరేడు నాట్‌లే (నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు), వెళ్ళే దూరం కొన్ని వందల గజాలే. అసలు చిక్కు వేగంలో కాదు, లోతులో. నీటి ఒత్తిడిని బట్టి కదిలే వాల్వ్‌నీ, ఒక లోలకాన్నీ కలిపి చుక్కానికి బిగించాకే అది పైకి తేలకుండా, అడుక్కి పోకుండా ఒకే లోతున నడిచింది.

దానికి అంత భయం ఎందుకంటే, పెద్ద యుద్ధనౌకల ఇనుప కవచం ఉండేది నీటిమట్టం దగ్గరా, దానికి పైనా. శత్రువు గుండ్లు తగిలేది అక్కడే కాబట్టి. నీటి కింద పొట్టభాగంలో కవచం లేదు. టార్పిడో తగిలేది సరిగ్గా అక్కడ. 1876లో థార్నీక్రాఫ్ట్ అనే బ్రిటిష్ కంపెనీ కట్టిన టార్పిడో పడవ హెచ్ఎంఎస్ లైట్నింగ్ (హెచ్ఎంఎస్ అనేది బ్రిటిష్ నేవీ ఓడల పేర్లకి ముందు పెట్టే గుర్తు) పొడవు 87 అడుగులు, బరువు 30 టన్నులు పైచిలుకు, వేగం 18 నాట్‌లు దాటేది. అంత చిన్న పడవ వేల టన్నుల ఓడని ముంచగలదంటే ఖజానా లెక్కలన్నీ మారిపోతాయి. బ్రిటన్‌తో సమానంగా పెద్ద ఓడలు కట్టలేమనుకున్న ఫ్రెంచివాళ్ళు టార్పిడో పడవల్ని గుంపులుగా కట్టడం మొదలుపెట్టారు.

తప్పించుకోడానికి పెద్ద ఓడలవాళ్ళు ముందు వలలు పట్టారు. ఓడ పక్కన పొడుగాటి దూలాలు బయటికి చాపి, వాటినుంచి ఉక్కు రింగుల వల నీళ్ళలోకి దించేవారు. లంగరు వేసి ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. ఓడ కాస్త వేగం అందుకుంటే నీటి తోపుకి వల వెనక్కి లేచిపోతుంది, అడుగున సందు వస్తుంది. పైగా టార్పిడో ముక్కుకి వల కోసే కత్తెరలు తగిలించడం కూడా వచ్చేసింది. రెండో ఉపాయం చకచకా పేల్చే చిన్న ఫిరంగులు. పగలు పనికొస్తాయి. టార్పిడో పడవ వచ్చేది రాత్రి. సెర్చిలైట్ వెలుగులోకి అది వచ్చేసరికే టార్పిడో వదిలేంత దగ్గరకి వచ్చేసి ఉంటుంది.

కాబట్టి దాన్ని ముందే వెళ్ళి అడ్డుకోవాలి. 1886లో బ్రిటిష్‌వాళ్ళు దించిన హెచ్ఎంఎస్ రాటిల్‌స్నేక్ అలాంటి ప్రయత్నం. ఈ రకాన్ని టార్పిడో గన్‌బోట్ అన్నారు, వాడుకలో టార్పిడో క్యాచర్ అనీ అన్నారు. బరువు 550 టన్నులు, వేగం 19 నాట్‌లు. పట్టుకోవాల్సిన పడవ నెమ్మది సముద్రంలో 20 దాటి పరిగెత్తేది. దీనిలో ఉన్నది రైలింజన్ రకం బాయిలరు. గొట్టాల్లోంచి వేడిపొగ పోతుంటే చుట్టూ నీళ్ళు కాగుతాయి. నిప్పుని బలవంతంగా ఊది ఆవిరి పెంచితే గొట్టాల అతుకులు కారడం మొదలయ్యేది. అందుకే కాగితం మీద వేగం ఉన్నా సముద్రం మీద అది గంటలకొద్దీ నిలిచేది కాదు. తర్వాత గొట్టంలో నీళ్ళు, బయట మంట ఉండే వాటర్‌ట్యూబ్ బాయిలరు వచ్చాకే తక్కువ బరువులో ఎక్కువ ఆవిరి దొరికింది. డిస్ట్రాయర్ నిలదొక్కుకోడానికి కారణం ఫిరంగీ కాదు, టార్పిడో కూడా కాదు, ఈ బాయిలరే అని నేననుకుంటాను.

1891 ఏప్రిల్ 23న చిలీ అంతర్యుద్ధంలో బ్లాంకో ఎంకలాడా అనే ఇనుప కవచం ఓడ టార్పిడో దెబ్బకి నిమిషాల్లో మునిగింది. కవచం ఉన్న పెద్ద ఓడ స్వయంచాలిత టార్పిడోకి బలి కావడం అదే మొదలు. దాన్ని ముంచిన రెండు ఓడలూ టార్పిడో గన్‌బోట్లే. టార్పిడో పడవల్ని పట్టడానికి రూపొందిన రకమే తానూ టార్పిడో వేసింది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, డిస్ట్రాయర్ పేరు ముక్కలవడానికి ఇదే బీజం.

పేరు విషయంలో స్పెయిన్‌కి కొంత వాటా ఉంది. ఫెర్నాండో వియ్యామిల్ అనే అధికారి ఆలోచనతో స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో కట్టించి, 1887లో స్పెయిన్ నౌకాదళంలోకి తీసుకున్న ఓడ పేరు డెస్ట్రుక్తోర్. అది ఆ ఒక్క ఓడకి పెట్టుకున్న పేరు. ఒక రకం ఓడలన్నిటికీ జాతిపేరుగా స్థిరపడింది బ్రిటన్‌లో. 1892లో జాన్ ఫిషర్ ఓడల నిర్మాణం చూసే పదవిలోకి వచ్చాడు. ఫ్రెంచి టార్పిడో పడవల్ని వెంటాడి పట్టగల వేగమైన ఓడలు కావాలని యారో, థార్నీక్రాఫ్ట్ లాంటి పడవల కంపెనీలని అడిగాడు. యారో కట్టిన హెచ్ఎంఎస్ హావక్ 1893 ఆగస్టులో నీళ్ళలోకి దిగింది. పొడవు 180 అడుగులు, వేగం 26 నాట్‌లు, 12 పౌన్ల గుండు పేల్చే ఫిరంగి ఒకటి, 6 పౌన్ల గుండు పేల్చేవి మూడు, మూడు టార్పిడో గొట్టాలు.

హావక్ అంటే విధ్వంసమే కదా, అనువాదం సరిపోయింది కదా అని ఎవరైనా అనొచ్చు. అది ఆ ఒక్క ఓడ పేరు. దాని జంట ఓడ హార్నెట్, అంటే కందిరీగ. థార్నీక్రాఫ్ట్ కట్టినవాటి పేర్లు డేరింగ్, డికాయ్. ఒకటి తెగువ, ఇంకొకటి ఎర. లెయిర్డ్ కంపెనీవి ఫెరెట్, లింక్స్. రెండూ వేటాడే జంతువులు. ఇన్నిటినీ కలిపే మాట వేట, విధ్వంసం కాదు.

తొలి డిస్ట్రాయర్లు ఎంత పల్చటివో కూడా చెప్పాలి. వేగం కోసం ఉక్కు రేకు మందం తగ్గించారు. ముందు డెక్కుని తాబేలు డిప్పలా వంచి కట్టారు. నీళ్ళు పక్కలకి జారిపోతాయని లెక్క. కానీ అల పెద్దదైతే ముక్కు అలలోకి దూరిపోయేది, పైన నిలబడ్డవాళ్ళు తడిసి ముద్దయ్యేవాళ్ళు. 1901 సెప్టెంబరు 18న హెచ్ఎంఎస్ కోబ్రా అనే కొత్త డిస్ట్రాయర్ తనని కట్టిన చోటునుంచి బయల్దేరి ఉత్తర సముద్రంలో నడుమ విరిగి రెండు ముక్కలైంది, 67 మంది పోయారు. సన్నగా పొడుగ్గా ఉన్న ఓడ రెండు అలల మీద కొసలు ఆనించి మధ్యలో ఖాళీగా వేలాడినప్పుడూ, ఒకే అల నడుమకింద వచ్చి కొసలు వేలాడినప్పుడూ రేకులమీద పడే లాగుడు మామూలుది కాదు. విచారణలో ఓడ గట్టితనం చాలలేదనే తేల్చారు. 1903నుంచి వచ్చిన రివర్ తరగతి ఓడల్లో తాబేలు డిప్ప తీసేసి ముందు డెక్కుని ఎత్తుగా కట్టారు. కాగితం మీద వేగం తగ్గింది, సముద్రం మీద పనితనం పెరిగింది.

ఇంతలో పేరు అరిగిపోయే పరిస్థితి వచ్చింది. 1904 ఫిబ్రవరి 8 రాత్రి చైనా తీరంలోని పోర్ట్ ఆర్థర్ రేవులో ఉన్న రష్యా ఓడలమీదికి టార్పిడోలు వదిలింది జపాన్ డిస్ట్రాయర్లే. టార్పిడో పడవ చేసే పని కూడా డిస్ట్రాయరే చెయ్యడం మొదలయ్యాక విడిగా టార్పిడో పడవ అవసరం తగ్గింది. వేటాడాల్సిన జంతువే కనుమరుగైనప్పుడు పేరులో దాన్ని మోయడం ఎందుకని నావికులు ముందు ముక్క వదిలేశారు. మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఒట్టి డిస్ట్రాయర్ మిగిలింది.

పేరు కురచైనా పని మాత్రం అదే: పెద్ద ఓడలకి కాపు కాయడం. టార్పిడో పడవ పోయింది, దాని స్థానంలో నీటి కిందనుంచి సబ్‌మెరైన్ వచ్చింది. 1916లో డెప్త్ చార్జ్ వాడుకలోకి వచ్చింది. 300 పౌన్ల పేలుడుమందు నింపిన డ్రమ్ము, ముందే పెట్టిన లోతుకి దిగగానే నీటి ఒత్తిడికి పేలుతుంది. దాన్ని ఓడ వెనకనుంచి దొర్లిస్తారు కాబట్టి ఓడ సబ్‌మెరైన్ నెత్తిమీదుగా వెళ్ళాలి. నెమ్మదిగా వెళ్తే తన తోకకే దెబ్బ. వేగంగా వెళ్తే, నీళ్ళలోకి శబ్దం పంపి సబ్‌మెరైన్‌ని వెతికే సోనార్‌లో తన చప్పుడే తనకి అడ్డం. పైగా బాగా దగ్గరకి వచ్చాక సబ్‌మెరైన్ సోనార్ కిరణం కిందికి జారిపోయి కనపడదు. అందుకే తర్వాత ముందుకి విసిరే ఆయుధాలు కనిపెట్టారు. మన ఓడలమీద ఇవాళ కనిపించే 12 గొట్టాల ఆర్‌బీయూ 6000 రాకెట్ లాంచరు ఆ ఆలోచనకి వారసురాలే.

మన తీరంలో ఇది ఊరికే పుస్తకం సంగతి కాదు. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ విశాఖ బయట మునిగింది. అది వెతుకుతూ వచ్చింది విమానవాహక నౌక విక్రాంత్‌ని. విక్రాంత్‌ని ముందే అండమాన్ వైపు పంపేసి, అది విశాఖ దగ్గరే ఉన్నట్టు నమ్మించే పని ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌కి అప్పగించారు. 1949లో బ్రిటన్‌నుంచి మనం తీసుకున్న మొదటి మూడు డిస్ట్రాయర్లలో అదొకటి, పూర్వనామం రోథర్‌హామ్. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలవల్లే ఘాజీ మునిగిందని మన నేవీ లెక్క, లోపలి పేలుడని పాకిస్తాన్ లెక్క. ఏది నిజమైనా, ఆ రాత్రి డిస్ట్రాయర్ చేసిన పనిని విధ్వంసం అని ఎవరూ అనరు. కాపలా కాసింది, ఎరగా నిలబడింది.

ఇక్కడే నా అసలు అభ్యంతరం ఉంది. తెలుగులో విధ్వంసం అంటే ఏమిటి? 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు జరిగింది విధ్వంసం. అల్లరిమూకలు బస్సులు తగలబెడితే విధ్వంసం. రైలు పట్టాలు తీసేస్తే విధ్వంసం. కావలసినదాన్ని, నిలబడి ఉన్నదాన్ని పాడుచెయ్యడం అనే చెడ్డ వాసన ఆ మాటకి ఉంది. ఆ మాటనే కాపలా ఓడకి తగిలించి, అదే పేపర్లో ‘జాతికి అంకితం’ అని రాస్తున్నాం. చదివే పిల్లవాడికి తను చేరబోయే ఓడ ఊళ్ళు తగలబెట్టే యంత్రంలా తోస్తే తప్పు వాడిది కాదు.

వేరే భాషలవాళ్ళు ఏం చేశారో చూడండి. ఇటాలియన్లో కచ్చాతోర్పెదినియెరె, అంటే టార్పిడో పడవల వేటగాడు. కర్మని వదల్లేదు. ఫ్రెంచివాళ్ళు చాలాకాలం టార్పిడో పడవకి ఎదురు అనే అర్థం వచ్చే మాట వాడారు. జపాన్‌వాళ్ళు కుచికుకాన్ అన్నారు, తరిమికొట్టే ఓడ. రష్యన్ మాట ఎస్మినెత్స్ అయితే స్క్వాడ్రన్‌తో పాటు మైన్‌లు మోసుకెళ్ళే ఓడ అనే పేరుకి కురచ రూపం, వాళ్ళ పాత వాడుకలో టార్పిడో కూడా మైన్ కిందికే వస్తుంది. జర్మన్‌వాళ్ళు మనలాగే ఒట్టి ధ్వంసం పట్టుకున్నారు. 1980లో సోవియట్ యూనియన్‌నుంచి వచ్చిన రెండో ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌ని మనం డిస్ట్రాయర్ అన్నాం. అది ఏ తరగతిలోంచి పుట్టిందో ఆ కషిన్ తరగతి ఓడల్ని సోవియట్ నేవీ పెద్ద సబ్‌మెరైన్ నిరోధక నౌక అని పిలిచేది. పనిని చూసి పెట్టిన పేరంటే అలా ఉంటుంది.

మరి మనమూ వేటనౌక అనో కావలి నౌక అనో కొత్తమాట పెట్టుకోవచ్చు కదా? చూడ్డానికి బాగుంటాయి. నేను వాటినీ ఒప్పుకోను. డిస్ట్రాయర్, మామూలుగా దానికంటే చిన్నవైన ఫ్రిగేట్, కార్వెట్ అనే యుద్ధనౌకలు, ఈ మూడూ కాపు కాసే పనే చేస్తాయి, మూడూ సబ్‌మెరైన్‌ని వేటాడతాయి. ఏ ఒక్కదానికి ఆ పేరు ఇచ్చినా మిగతా రెండింటి దగ్గర చిక్కు. ఒకప్పుడు బరువుని బట్టి చెప్పగలిగేవాళ్ళం, ఇప్పుడు అదీ లేదు. రెండో రాజ్‌పుత్ డిస్ట్రాయర్, బరువు సుమారు 5,000 టన్నులు. 2025 జనవరిలో చేరిన నీలగిరి ఫ్రిగేట్, బరువు 6,670 టన్నులు. ఏది డిస్ట్రాయరో నిర్ణయించేది ఆ దేశపు నేవీ పెట్టుకున్న తరగతి. అలాంటి తరగతి పేరుని అనువదించకుండా ఉన్నదున్నట్టు తీసుకోవడమే మేలు. లాంచీ, స్టీమరు, బోటు మనకి పరాయిమాటలుగా ఇవాళ ఎవరికీ అనిపించవు. గోపాల్‌పూర్ ఒడ్డున తెప్ప, పడవ అనే నోళ్ళే ఫైబర్ బోటు అనీ అంటున్నాయి.

ఆ ఒడ్డు సంగతే ఇంకొంచెం చెప్పాలి. పూర్వం గోపాల్‌పూర్‌కి వచ్చే స్టీమర్లు అలల అవతలే లంగరేసేవి. సరుకునీ మనుషుల్నీ ఒడ్డుకి చేర్చింది మసూలా పడవలు. పలకల్ని మేకులతో బిగించకుండా కొబ్బరితాడుతో కుట్టి, కుట్ల కింద గడ్డి కూరేవాళ్ళు. మేకులు కొట్టిన పడవ అల విసురుకి ఇసుకని గుద్దుకుంటే పలక చీలుతుంది. కుట్టిన పడవ ఒళ్ళు వంచుకుంటుంది. రంగూన్ వెళ్ళినవాళ్ళు స్టీమరెక్కడానికి అవే దారి. ఆ పడవ పేరు బయటినుంచి వచ్చిందా లోపలిదా అని దాన్ని నడిపిన జాలర్లు, వాడబలిజలు ఎవరూ అడగలేదు. ఏ పేరు చెబితే ఏ పడవ వస్తుందో తెలిస్తే చాలు. ఓడల పేర్లకి నేను కోరేది అంతే స్పష్టత.

ఒకచోట మాత్రం ‘విధ్వంసక’కి నాకు అభ్యంతరం లేదు. 2025 జూన్ 18న విశాఖలో చేరిన ఐఎన్ఎస్ అర్నాలా లాంటివాటిని జలాంతర్గామి విధ్వంసక నౌక అని రాస్తున్నారు. అక్కడ కర్మ ఉంది, దేన్ని ధ్వంసం చేస్తుందో పేరే చెబుతోంది. జలాంతర్గామి నిరోధక నౌక అంటే ఇంకా నయం.

కాబట్టి రాసేటప్పుడు పద్ధతి ఇది. అన్నిటికీ కలిపి చెప్పాలంటే యుద్ధనౌక, మంచి మాట. మన పక్కింటి ఒడియాలో యుద్ధజాహాజ కూడా అంతే నిక్కచ్చిగా ఉంటుంది. ఫలానా తరగతి అని చెప్పాలంటే ఓడ పక్కన రాసిన అక్షరం చూడాలి. డి ఉంటే డిస్ట్రాయర్, ఎఫ్ ఉంటే ఫ్రిగేట్, పి ఉంటే కార్వెట్టో గస్తీ ఓడో, ఆర్ ఉంటే విమానవాహక నౌక. 2021 నవంబరు 21న చేరిన ఐఎన్ఎస్ విశాఖపట్నం డి66: పొడవు 163 మీటర్లు, బరువు 7,400 టన్నులు. పేరు ఒకటే అయినా అక్షరం వేరు కావచ్చు. 1971లో మునిగిన ఖుక్రీ ఫ్రిగేట్, 1989లో అదే పేరుతో వచ్చింది కార్వెట్.

బ్యాటిల్‌షిప్ అన్న మాట అసలు వాడకండి. పెద్ద ఫిరంగులతో వరసలో నిలబడి పోరాడే ఓడల కాలంనాటి ప్రత్యేకమైన తరగతి అది, భారత నేవీలో ఒక్కటి కూడా ఎప్పుడూ లేదు. వేగం రాసేటప్పుడు గంటకి 30 నాట్‌లు అనకూడదు, నాట్‌లోనే గంట ఉంది. గంటకి ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. 30 నాట్‌లంటే గంటకి 55 కిలోమీటర్ల పైచిలుకు. టన్నుల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. యుద్ధనౌకకి చెప్పేది అది పక్కకి తోసే నీటి బరువు, అదే ఓడ బరువు. గోపాల్‌పూర్ పోర్టుకొచ్చే సరుకు ఓడలకి చెప్పేది చాలాసార్లు అవి మోయగల బరువు. రెండూ పక్కపక్కన పెట్టి ఇది పెద్దది, అది చిన్నది అని రాస్తే లెక్క తప్పుతుంది.

ఐఎన్ఎస్ అని ఉన్నంతమాత్రాన ఓడ అనుకోవద్దు. రంభ దాటి ఖుర్దా జిల్లాలోకి వెళ్తే సరస్సు ఒడ్డున ఉన్న ఐఎన్ఎస్ చిల్కా 1980నుంచి నడుస్తున్న శిక్షణ కేంద్రం. నేవీ తన ఒడ్డు కేంద్రాలకీ ఓడలకి పెట్టినట్టే పేర్లు పెడుతుంది. 2023 మార్చిలో అక్కడినుంచి బయటికొచ్చిన మొదటి అగ్నివీర్ బ్యాచ్ ‘ఐఎన్ఎస్ చిల్కా యుద్ధనౌకపై శిక్షణ’ పొందలేదు. అది చిల్కాలో, నేలమీద జరిగింది. ఓడలు ఎక్కడం ఆ తర్వాతి మాట.